ఇజాకాయ: మద్యం దుకాణం భోజనశాలగా ఎదిగిన కథ

జపాన్‌లో పగటి పని ముగిసినవాళ్లు సాయంత్రం వేళ చేరి, మద్యం తాగుతూ, చిన్న పళ్లేల్లో ఒకటొకటిగా వచ్చే వంటకాలను కలిసి తింటూ రెండు మూడు గంటలు గడిపే చవక భోజనశాలను ఇజాకాయ అంటారు. అక్కడ ఎవరి కంచం వారికి విడిగా పెట్టరు. పుల్లలకు గుచ్చి కాల్చిన కోడిమాంసం, పచ్చి చేప ముక్కలు, ఉడికించిన లేత సోయా కాయలు, టోఫు, ఊరబెట్టిన కూరగాయలు బల్ల మధ్యలోకి వస్తాయి. కావలసినవాళ్లు కావలసినంత తీసుకుంటారు. అన్నం తినేవాళ్లు చివర్న అడుగుతారు. మద్యంతో నంజుకోవడానికి మొదలైన తిండి క్రమంగా పూర్తి భోజనమంతైంది. అందుకు దాదాపు 300 ఏళ్లు పట్టింది. ఇన్నేళ్లూ ఇజాకాయను నిలబెట్టినవాళ్లు ప్రధానంగా ఒకే రకం మనుషులు: ఇంట్లో వండిపెట్టేవాళ్లు లేక, వండుకునే తీరిక లేక, నగరంలో బయట తినక తప్పనివాళ్లు. వాళ్లు మారినప్పుడల్లా ఇజాకాయ కూడా మారింది.

డబ్బిచ్చి తాగే చోట్లు జపాన్‌లో చాలా పాతవి. రాజాస్థానం రాయించిన ‘షోకు నిహోంగి’ అనే చరిత్ర గ్రంథంలో 761 నాటి ఒక నేరం నమోదైంది. అషిహర అనే రాజవంశీకుడు మద్యం దుకాణంలో ఒకడితో జూదమాడుతూ, తాగుతూ, చివరికి ఆ మనిషినే చంపాడు. శిక్షగా అతన్ని దక్షిణాన ఉన్న తనెగషిమ దీవికి పంపేశారు. ఆ తర్వాత కొన్ని శతాబ్దాల పాటు సాకే, అంటే బియ్యాన్ని పులియబెట్టి చేసే మద్యం, పెద్ద బౌద్ధారామాల్లోనూ క్యోటో వర్తకుల ఇళ్లలోనూ తయారయ్యేది. 1425 నాటికే క్యోటోలోనూ దాని శివార్లలోనూ 300కు పైగా మద్యం తయారీదారులు ఉన్నట్టు పట్టీ దొరుకుతుంది. అంత పెద్ద వ్యాపారం ఉన్నా, దుకాణంలో కూర్చుని తాగి, అక్కడే తిని పోయే అలవాటు అప్పటికింకా నగర జీవితంలో భాగం కాలేదు. అది ఎడోలో జరిగింది.

1603లో తొకుగవ ఇయెయాసు షోగున్, అంటే సైనిక పాలకుడై, ఎడోను తన పాలనా కేంద్రం చేసుకున్నాడు. నేటి టోక్యో అదే. కోట కట్టడానికి, కందకాలు తవ్వడానికి, సముద్రపు బురదను పూడ్చి నేల చెయ్యడానికి దేశమంతటి నుంచి వడ్రంగులు, రాతిపనివాళ్లు, కూలీలు తరలి వచ్చారు. 1635లో స్థానిక ప్రభువులు ఏడాది విడిచి ఏడాది ఎడోలో ఉండాలన్న నియమం శాసనమైంది. వాళ్ల వెంట వచ్చిన సమురాయ్ భటుల్లో చాలామంది పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చినవాళ్లే. 1657లో జరిగిన మేయ్‌రెకీ అగ్నిప్రమాదంలో నగరం చాలావరకు కాలిపోయింది. తిరిగి కట్టడానికి మళ్లీ వేలాది చేతులు కావలసి వచ్చాయి. 1721లో తీసిన లెక్క ప్రకారం ఎడోలో సామాన్య పౌరులు సుమారు 5 లక్షల మంది. వారిలో 3 లక్షల 23 వేల మంది మగవాళ్లు, 1 లక్షా 78 వేల మంది ఆడవాళ్లు. సమురాయ్‌లను ఈ లెక్కలో చేర్చలేదు. చేర్చితే మగవాళ్ల పాలు ఇంకా పెరిగేది. పేదలు అద్దెకుండే వరుస ఇళ్లలో ఒక్కో వాటా వెడల్పు సుమారు 2.7 మీటర్లు, లోతు 3.6 మీటర్లు. గుమ్మం పక్కన ఒక చిన్న పొయ్యి ఉండేది. ఒంటరివాడు రోజల్లా చాకిరీ చేసి వచ్చి, కట్టెలు కొని, ఆ పొయ్యి మీద తనొక్కడి కోసం వండుకోవడం కంటే నాలుగు నాణేలు పారేసి బయట తినడం అన్ని విధాలా నయం.

ఈ అవసరాన్ని పట్టుకున్న దుకాణాల్లో అన్నిటికంటే ఎక్కువగా పేరు నిలిచింది తొషిమయా. కాందా ప్రాంతంలో కామకుర రేవు ఒడ్డున 1596లో ఇది మొదలైంది. ఎడో కోటకు రాళ్లూ కలపా దిగిన రేవు అది, కాబట్టి కూలీలకు కొదవ లేదు. 18వ శతాబ్దం తొలి సగంలో ఈ దుకాణం ఒక వ్యాపార పద్ధతితో నగరమంతా పేరు తెచ్చుకుంది. సాకేను దాదాపు కొన్న ధరకే అమ్మేవారు. లాభం ఖాళీ పీపాల మీద వచ్చేది. సుగి అనే సుగంధపు చెట్టు చెక్కతో చేసిన ఆ పీపాలకు బజారులో మంచి గిరాకీ ఉండేది. సాకే ఎంత చవగ్గా ఇస్తే పీపాలు అంత త్వరగా ఖాళీ అవుతాయి. పీపాలు ఎన్ని ఖాళీ అయితే చేతికి అంత సొమ్ము. దీనికి తోడు టోఫును దుకాణంలోనే చేయించి, మిగతా చోట్ల కంటే పెద్ద ముక్కలుగా కోసి, పుల్లలకు గుచ్చి, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద పూసి నిప్పుల మీద కాల్చి ఇచ్చేవారు. దెంగాకు అనే ఈ వంటకం ఎడోలో అందరికీ తెలిసిందే. ముక్క పెద్దది, ధర చిన్నది కావడమే తొషిమయా ప్రత్యేకత. సరుకు మోసేవాళ్లు, గుర్రాల మీద బస్తాలు తోలేవాళ్లు, పల్లకీ బోయీలు, బుట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో అమ్మేవాళ్లు బరువు దించి, ఒక కొలత సాకే, ఒక పుల్ల టోఫు తీసుకుని, సేద తీరి కదిలేవారు. ఇజాకాయ పుట్టుకకు ఒక్క చిరునామా చెప్పడం ఎప్పుడూ కష్టమే గాని, చెప్పక తప్పనిచోట తొషిమయా పేరు చెప్పడం న్యాయంగా ఉంటుంది.

ఆ దుకాణం ఎంత ప్రసిద్ధో తెలిపే బొమ్మ ఒకటి మిగిలింది. ఆడపిల్లల బొమ్మల పండుగకు ముందు, రెండో నెల చివర్లో, తొషిమయా చిక్కటి తియ్యటి తెల్ల సాకే అమ్మేది. 1830లలో వెలువడిన ‘ఎడో మేయ్‌షో జుఎ’ అనే సచిత్ర గ్రంథంలో ఆ రోజు రద్దీని గీశారు. లోపలికి వెళ్లే దారి వేరు, బయటికి వచ్చే దారి వేరు. ఆ రోజుకు మామూలు సాకే, సోయా సాస్ అమ్మబోమని పలక వేలాడదీశారు. గుమ్మం దగ్గర కట్టిన మంచె మీద ఒక వైద్యుణ్ణి, నగరపు అగ్నిమాపక పనివాళ్లను నిలబెట్టారు. తొక్కిసలాటలో ఎవరైనా పడిపోతే పైకి లాగి చికిత్స చెయ్యడానికే ఈ ఏర్పాటు. గుళ్లూ వంతెనలూ కొండలూ ఉన్న ప్రసిద్ధ స్థలాల గ్రంథంలో ఒక మద్యం దుకాణానికి చోటు దక్కిందంటే ఎడో ప్రజల మనసులో దాని స్థానం ఏమిటో అర్థమవుతుంది.

నగరం తాగిన మంచి సాకేలో ఎక్కువ భాగం ఎడోలో తయారయ్యేది కాదు. ఒసాకా చుట్టుపక్కల ఇతామి, ఇకెద పట్టణాల నుంచి, తర్వాతి కాలంలో నేటి కోబే తీరంలోని నాదా ప్రాంతం నుంచి ఓడల్లో వచ్చేది. 1730 నుంచి ఇందుకోసం పీపాలే ప్రధాన సరుకుగా మోసే ప్రత్యేకమైన ఓడలు నడిచాయి. ఒక్కో పీపాలో సుమారు 72 లీటర్లు. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో మంచి ఏళ్లలో దాదాపు 10 లక్షల పీపాలు ఎడోకు చేరేవి. కొత్త సాకేను ముందుగా చేర్చాలని ఏటా ఓడల మధ్య పందెం జరిగేది; వేగంగా నడిచినవి మూడు నాలుగు రోజుల్లోనే వచ్చేవి. అలల మీద ఊగుతూ వచ్చే ఆ రోజుల్లో పీపా చెక్క వాసన సాకేకు పట్టేది. ఎడోవాళ్లు ఆ వాసనకే మరిగారు. ఇంత సరుకు క్రమం తప్పకుండా దిగకపోతే సందుకొక ఇజాకాయ సాధ్యమయ్యేదే కాదు.

మద్యం దుకాణాలు తిండి వైపు జరుగుతుండగా, తిండి దుకాణాలు మద్యం వైపు జరిగాయి. ఉడికించిన దుంపలు, గింజలు, చేపలు అమ్మే నియురియా దుకాణాలు ఎడోలో చాలా ఉండేవి. రాత్రిపూట పొయ్యిలు మండితే నగరం మళ్లీ కాలిపోతుందన్న భయంతో ప్రభుత్వం రాత్రి అమ్మకాలను నిషేధిస్తూ ఆజ్ఞలు ఇచ్చింది. ఆ ఆజ్ఞలనే పదే పదే ఇవ్వాల్సి వచ్చిందంటే పాటించినవాళ్లు కొద్దిమందే అనుకోవాలి. 18వ శతాబ్దం రెండో సగానికల్లా ఈ రెండు రకాల దుకాణాలకూ మధ్య గీత చెరిగిపోయి, ఇజాకాయ అన్న పేరు స్థిరపడింది. 1811లో ఎడోలోని తిండి వ్యాపారాలను లెక్కిస్తే మొత్తం 7,603 తేలాయి. వాటిలో 1,808 కూరలు వండి సాకే పోసే ఇజాకాయలే. నూడుల్స్ కొట్లు, సుషి కొట్లు, టీ దుకాణాలు అన్నీ ఉన్న నగరంలో దాదాపు ప్రతి నాలుగింటిలో ఒకటి ఇజాకాయ అన్నమాట.

ఆనాటి ఇజాకాయ లోపల బల్లలుండేవి కావు. నేటి సినిమాల్లో, టీవీ నాటకాల్లో సమురాయ్‌లు బల్ల చుట్టూ పీపాల మీద కూర్చుని తాగుతున్నట్టు చూపించడం తరవాతి కాలపు ఊహ. గుమ్మానికి నారతాళ్లు వరుసగా కట్టిన తెర వేలాడేది. తాళ్ల తెర అంటేనే ఇజాకాయ అనుకునేంతగా ఆ గుర్తు స్థిరపడింది. చూరు కింద ఆ రోజు దొరికిన చేపలు, ఆక్టోపస్, పక్షులు వేలాడదీసేవారు. లోపల మట్టి నేల, దాని మీద పొడవాటి చెక్క బెంచీలు, ఒక పక్కన చాప పరిచిన ఎత్తు అరుగు. వచ్చినవాడు బెంచీ మీద ఒక కాలు మడిచి కూర్చుంటే, చిన్న చెక్క పళ్లెంలో సాకే పాత్ర, గిన్నె, వంటకం తెచ్చి పక్కనే పెట్టేవారు. వడ్డించేవాళ్లు చాలావరకు కుర్రాళ్లు. సాకేను ఎండాకాలమైనా వేడి చేసే ఇచ్చేవారు. మూతి ఉన్న లోహపు పాత్రలో పోసి, మరిగే నీళ్లలో దించి, వేడి సరిపోయిందనగానే తీసేవారు. సాకే నాణ్యతను బట్టి ధరలు వేరుగా ఉండేవి. 180 మిల్లీలీటర్ల ‘గో’ దాని కొలత.

తిండి ముతకగా, వేడిగా, ఉప్పుగా ఉండేది. సోయా సాస్‌లో మగ్గిన చేమదుంపలు, వేడినీళ్ల టోఫు, ఫుగు చేప పులుసు, ఆంగ్లర్ చేప పులుసు, ట్యూనా ముక్కలూ పచ్చి ఉల్లికాడలూ కలిపి ఉడికించిన నెగిమా. ఈనాడు వేలంపాటల్లో కోట్లు పలికే ట్యూనా ఆ రోజుల్లో పెద్దింటివాళ్లు ముట్టని చౌక చేప. త్వరగా చెడిపోయేది, కొవ్వు భాగం ఎవరికీ అక్కర్లేదు. కొవ్వును ఉల్లితో ఉడికించి కూలివాడి ముందు పెట్టిన ఇజాకాయ వంటవాడే దాని రుచిని ముందుగా గుర్తించినవాడు. ఇజాకాయలు తెల్లవారగానే తెరిచేవి. రాత్రంతా కాపలా కాసిన భటులు, వేకువన చేపల రేవులో పని ముగించినవాళ్లు పొద్దున్నే వచ్చి తాగేవారు.

1868లో షోగున్ల పాలన పోయి మెయ్‌జి చక్రవర్తి పాలన వచ్చింది. పేరు మారిన టోక్యోలోనూ ఇజాకాయ అలాగే సాగింది, కానీ చుట్టూ కొత్త తాగుడు పద్ధతులు వచ్చాయి. 1880లో కామియా దెంబే అసకుసాలో గ్లాసుల లెక్కన మద్యం అమ్మే దుకాణం తెరిచాడు. కొద్దికాలానికే బ్రాందీకి జిన్, వైన్, మూలికలు కలిపి ‘దెంకి బ్రాన్’ అనే పానీయం తయారు చేశాడు. విద్యుత్తు వింతగా ఉన్న రోజుల్లో కొత్తది దేనికైనా ‘విద్యుత్తు’ అన్న మాట తగిలించడం మోజు. ఆ దుకాణం 1912 నుంచి కామియా బార్ అన్న పేరుతో నేటికీ అక్కడే నడుస్తోంది. 1876లో హొక్కైదోలో ప్రభుత్వమే బీరు కర్మాగారం పెట్టింది. 1899 ఆగస్టు 4న టోక్యోలోని షింబషి దగ్గర ఎబిసు బీరు హాలు తెరుచుకుని, అర లీటరు బీరు 10 సెన్‌లకు అమ్మింది. అప్పటికి బీరు ఇజాకాయలోకి రాలేదు. చల్లబరిచే యంత్రాలు, చవక ధర రెండూ అందుబాటులోకి వచ్చే వరకు అది హాళ్లలోనే ఉండిపోయింది.

మెయ్‌జి ప్రభుత్వానికి తాగుబోతుల మీద ఎంత అభ్యంతరం ఉన్నా, తాగుడు మీద వచ్చే డబ్బు లేకుండా గడిచేది కాదు. 1899లో ఇంట్లో మద్యం కాచుకోవడాన్ని పూర్తిగా నిషేధించారు. ఆ కాలంలోనే మద్యం పన్ను భూమిశిస్తును మించి, జాతీయ పన్నుల రాబడిలో దాదాపు మూడో వంతైంది. చైనాతోనూ రష్యాతోనూ చేసిన యుద్ధాల ఖర్చులో గణనీయమైన భాగం పల్లెవాళ్లూ కూలీలూ తాగిన సాకే మీద వసూలైందే. ఇంట్లో కాచుకోవడం ఆగిపోయాక దుకాణానికి వెళ్లక తప్పలేదు. 1901లో ఉత్పత్తి మొదలుపెట్టిన యహతా ఉక్కు కర్మాగారం చుట్టూ, నేటి కితాక్యూషూ నగరంలో, షిఫ్టు దిగిన కార్మికులు మద్యం దుకాణం గల్లాబల్ల దగ్గరే నిలబడి ఒక గ్లాసు తాగి పోయే అలవాటు బలంగా నాటుకుంది. కకుఉచి అనే ఈ పద్ధతిలో వంట ఉండదు. దుకాణంలో ఉన్న డబ్బా చేపో ఎండుచేపో విప్పుకుని తింటారు. ఎడో తొలి దుకాణాల తీరుకు ఇదే దగ్గరి బంధువు.

పాత మద్యం దుకాణం ఇజాకాయగా మారడం కంటితో చూడాలంటే కగియా భవనం చూడాలి. టోక్యోలోని షితయా వీధిలో 1856లో మద్యం దుకాణంగా కట్టిన ఈ చెక్క ఇల్లు తరువాత ఇజాకాయ అయింది. రోడ్డు వెడల్పు చెయ్యాల్సి వచ్చినప్పుడు విప్పి తీసి, కొగానెయ్‌లోని ఎడో-టోక్యో ఆరుబయలు వాస్తు మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు. లోపలి అమరికను 1970 ప్రాంతంలో ఉన్నట్టే ఉంచారు. నున్నబడిన చెక్క కౌంటరు, దాని వెనక సాకే వేడి చేసే చోటు, పక్కన చాపలు పరిచిన చిన్న అరుగు, గోడ మీద వంటకాల పేర్లు రాసిన పలకలు. పది పన్నెండు పేర్లకు మించి లేవు. తాగేవాడికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదన్న నమ్మకం ఆ పలకల్లోనే తెలుస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం ఇజాకాయను దాదాపు చంపేసింది. 1930ల చివర నుంచి బియ్యం సైన్యానికి మళ్లింది. సాకే తయారీకి కోత పడింది. వ్యాపారులు సాకేలో నీళ్లు కలిపారు. అందులో బంగారు చేపలు బతుకుతాయని జనం దానికి ‘బంగారు చేపల సాకే’ అని పేరు పెట్టారు. 1941 ఏప్రిల్‌లో పెద్ద నగరాల్లో బియ్యం రేషన్ మొదలైంది. 1944లో ఖరీదైన భోజనశాలలన్నీ మూయించి, మే నెల నుంచి టోక్యోలో ‘ప్రజా మద్యశాలలు’ తెరిచారు. మనిషికి ఒక గో సాకే గాని ఒక సీసా బీరు గాని ఇచ్చేవారు. తెరిచే వేళకు గంటల ముందే వరుసలు కట్టేవారు. తిండి లేని, కబుర్లకు వీల్లేని ఆ వరుసల్ని ఇజాకాయ అనలేం. అయినా బాంబుల మధ్య కూడా కార్మికుడి గ్లాసును పూర్తిగా లాక్కోవడానికి ప్రభుత్వం సాహసించలేదన్నది గమనించాలి.

1945 ఆగస్టు 15న యుద్ధం ముగిసింది. అయిదు రోజులకే షిన్‌జుకు స్టేషన్ పక్కన ఆరుబయట చీకటిబజారు వెలిసింది. టోక్యోలో ప్రతి పెద్ద స్టేషన్ దగ్గరా ఇదే జరిగింది. సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్లు, ఇల్లు కాలిపోయినవాళ్లు, వలసపాలన కాలంలో వచ్చి చిక్కుకుపోయిన కొరియన్లు, తైవానీయులు పలకలు అడ్డం పెట్టి కొట్లు వేశారు. మాంసం, బియ్యం నియంత్రణలో ఉన్నాయి. పశువుల పేగులు, కాలేయం, గుండె నియంత్రణ కిందికి రాలేదు. అవి తెచ్చి శుభ్రం చేసి, పుల్లలకు గుచ్చి, బొగ్గుల మీద కాల్చి, చిక్కటి సోయా సాస్‌లో ముంచి అమ్మారు. షిన్‌జుకు పశ్చిమ ద్వారం దగ్గరి ఒమోయిదె యొకొచో సందు ఆ కొట్ల నుంచి పుట్టిందే. తాగడానికి సాకే లేదు. సాకే వడకట్టగా మిగిలిన పిప్పి పేరు పెట్టుకుని ఏవేవో పులియబెట్టి దించిన కసుతొరి సారా ఉండేది. అంతకంటే ప్రమాదకరమైనది ‘బకుదాన్’. అంటే బాంబు. కర్మాగారపు ఆల్కహాల్‌తో చేసిన దానిలో మిథైల్ ఆల్కహాల్ ఉంటే కళ్లు పోయేవి, ప్రాణాలూ పోయేవి. ఆ రోజుల్లో తాగినవాళ్లు ఏమి మరిచిపోవడానికి అంత సాహసం చేశారో ఊహించడం కష్టం కాదు.

1947 జులైలో ప్రభుత్వం ఆహారం కొరత కారణంగా భోజనశాలలను మూసేయమని ఆజ్ఞ ఇచ్చింది. చాలా దుకాణాలు పెరటి గుమ్మం నుంచి నడిచాయి. 1948లో బీరు రుచి ఉండి ఆల్కహాల్ దాదాపు లేని హొప్పీ అనే పానీయం బజారులోకి వచ్చింది. బీరు కొనలేనివాళ్లు దానిలో షోచు అనే చవక బట్టీ సారా కలుపుకుని తాగారు. పేదరికంలో పుట్టిన ఈ కలయిక టోక్యో పాత ఇజాకాయల్లో నేటికీ ఇష్టంగా అడిగి తాగే పానీయం. 1949లో ఆంక్షలు సడలి మద్యం అమ్మకాలు మళ్లీ స్వేచ్ఛగా సాగాయి. బియ్యం మాత్రం ఇంకా చాలలేదు. అందువల్ల సాకేకు శుద్ధ ఆల్కహాల్, చక్కెర కలిపి మూడింతలు చేసే పద్ధతి ఆ ఏడాదే పుట్టి, కొరత తీరాక కూడా దశాబ్దాల పాటు కొనసాగింది. సాకే పేరు చెడిపోయింది.

1950ల చివర నుంచి దేశం వేగంగా సంపన్నమైంది. ఇజాకాయకు కొత్త పోషకుడు దొరికాడు. పల్లె విడిచి నగరానికి వచ్చి, కంపెనీలో జీవితాంతం ఉద్యోగం చేస్తూ, రాత్రి రైల్లో దూరపు శివారుకు చేరే జీతగాడు. ఆఫీసుకూ స్టేషన్‌కూ మధ్య దారిలో ఎర్ర కాగితపు లాంతరు వెలిగించిన ఇజాకాయ అతని రెండో ఇల్లైంది. ఆ కాలంలో పెంపకపు కోళ్లు చవకై, పేగుల స్థానంలో కోడిమాంసపు యాకితొరి వచ్చింది. 1959లో అమ్మకాల్లో బీరు సాకేను దాటింది. నేటి ఇజాకాయ సాయంత్రానికి ఉన్న క్రమం అప్పుడే కుదిరింది. కూర్చోగానే చెయ్యి తుడుచుకోవడానికి వేడి తువ్వాలు వస్తుంది. ‘ముందైతే బీరు’ అని అందరూ ఒకేసారి చెబుతారు. అడక్కుండానే ఒక చిన్న గిన్నెలో ఏదో కూరో చేపో వస్తుంది. ఒతోషి అనే దీనికి డబ్బు బిల్లులో పడుతుంది, ఈ రోజుల్లో సాధారణంగా 300 నుంచి 500 యెన్‌లు. ఎవరి గ్లాసు వాళ్లు నింపుకోరు, పక్కవాడు నింపుతాడు. కింది ఉద్యోగి పై అధికారి గ్లాసు ఖాళీ కానివ్వడు. ఆఫీసులో నోరు మెదపనివాడు ఇక్కడ మనసులో మాట చెప్పొచ్చు. తెల్లారాక దాన్ని ఎత్తిచూపరాదన్నది అందరూ పాటించిన మర్యాద. చివర్న వేడి టీ పోసిన అన్నమో, అన్నపు ముద్దో తిని లేస్తారు. ఈ సాయంత్రాలు ఆఫీసు పనిలో భాగమై, రాకపోతే కుదరదన్న ఒత్తిడిగా మారడం, ఇంట్లో భార్యలు పిల్లలతో ఒంటరిగా మిగిలిపోవడం ఆ సంపద వెనకనున్న కష్టం.

అప్పటిదాకా ఇజాకాయ అంటే ఒక యజమాని, ఒక కౌంటరు. గొలుసు దుకాణాలు దాన్ని మార్చేశాయి. 1938లో మత్సుమొతో పట్టణంలో మొదలైన వ్యాపారం 1956లో యొకొహామాలో యొరొనొతకి పేరుతో దుకాణం తెరిచి, తర్వాత దేశమంతా పాకింది. 1973లో ఇషీ సెయ్‌జి సప్పొరో నగరంలో కేవలం 8 త్సుబోల స్థలంలో, అంటే 26 చదరపు మీటర్ల కొట్టులో, త్సుబోహచి మొదలుపెట్టాడు. స్థలం కొలతే దుకాణం పేరులో ఉంది. 1980లలో షోచుకు సోడా, పళ్లరసం కలిపిన చుహాయ్ పానీయాలు ఇలాంటి దుకాణాల ద్వారానే ఊపందుకున్నాయి. తియ్యగా, తేలిగ్గా, రంగురంగులుగా ఉండే వాటితోపాటు బొమ్మలు అచ్చేసిన మెనూ వచ్చింది. గోడ మీది పలకలు చదివి, యజమానిని పలకరించి, అలవాటైనవాడిలా అడగాల్సిన పని పోయింది. విద్యార్థులు, ఆడవాళ్లు గుంపులుగా రాసాగారు. ఉద్యోగాల్లో స్త్రీపురుష సమానావకాశాల చట్టం 1985లో వచ్చింది. రెండు మార్పులూ ఒకే కాలానివి కావడం యాదృచ్ఛికం కాదు. సొంత జీతం ఉన్న ఆడవాళ్లకు సాయంత్రం గడిపే చోటు కావలసి వచ్చింది.

ఆ 1985లోనే మరో పరిణామం మాటగా మారింది. గ్లాసు ఎత్తి గుక్క తిప్పుకోకుండా తాగమని చుట్టూ ఉన్నవాళ్లు ‘ఇక్కి, ఇక్కి’ అని అరవడం ఆ ఏటి ప్రసిద్ధ పదాల్లో ఒకటైంది. కాలేజీ సంఘాల విందుల్లో ఈ బలవంతానికి ప్రాణాలు పోయాయి. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు 1992లో దీనికి వ్యతిరేకంగా సంఘం పెట్టుకుని ప్రచారం మొదలుపెట్టారు. గంటన్నర, రెండు గంటల పాటు ఒకే ధరకు ఎంతైనా తాగవచ్చన్న పథకాలు గొలుసు దుకాణాల్లో ఇప్పటికీ ఉన్నాయి. యువకుల విషయంలో అవి చేసిన హాని తక్కువేమీ కాదు.

1991లో ఆర్థిక బుడగ పగిలాక చవకదనమే ఆయుధమైంది. 1985లో హిగషి ఒసాకాలో పుట్టిన తొరికిజొకు ప్రతి వంటకానికీ ప్రతి గ్లాసుకూ ఒకటే ధర పెట్టింది. 280 యెన్‌లుగా ఏళ్ల తరబడి నిలిచిన ఆ ధరను 2017లో 298కి పెంచినప్పుడు అది దేశవ్యాప్తంగా వార్త అయింది. ఇదే కాలంలో ఎదురు దిశలోనూ ఒక ప్రయాణం సాగింది. 1992లో సాకేకు ప్రభుత్వం ఇచ్చే పాత శ్రేణుల విధానం పూర్తిగా రద్దయ్యాక, చిన్న ఊళ్ల తయారీదారులు ఆల్కహాల్ కలపని సాకేను సొంత పేరుతో నిలబెట్టారు. వాటిని ఏరి తెచ్చి, ఏ చేపకు ఏ సాకే నప్పుతుందో చెప్పి పోసే ఇజాకాయలు పుట్టాయి. యుద్ధానంతర కొరతలో పోయిన సాకే పరువు ఈ చిన్న కౌంటర్ల మీదే తిరిగి వచ్చింది.

2006 ఆగస్టులో ఫుకుఒకాలో తాగి కారు నడిపిన ఒకతని వల్ల ముగ్గురు పసిపిల్లలు చనిపోయారు. మరుసటి ఏడాది చట్టం మారి, డ్రైవరుకు మద్యం పోసినవాళ్లూ శిక్షార్హులయ్యారు. కార్ల మీద ఆధారపడిన ఊళ్లలో, రోడ్ల పక్కన ఇజాకాయలకు గిరాకీ పడిపోయింది. 2020 ఏప్రిల్ నుంచి భోజనశాలల్లో పొగతాగడంపై ఆంక్షలు అమలయ్యాయి. పొగ కమ్మిన గది ఇజాకాయ సహజ లక్షణమని నమ్మిన తరానికి అది పెద్ద మార్పు. పిల్లలతో వచ్చే కుటుంబాలకు తలుపు తెరిచింది కూడా అదే. అప్పటికే కోవిడ్ వచ్చిపడింది. వేళకు ముందే మూయమన్నారు. 2021 ఏప్రిల్ 25 నుంచి టోక్యో, ఒసాకా, క్యోటో, హ్యోగో ప్రాంతాల్లో అత్యవసర స్థితి కింద, మద్యం పోసే భోజనశాలలను మూసుకోమని, లేదా మద్యం లేకుండా నడపమని కోరారు. 1944 తర్వాత ఇజాకాయకు ఇంత కటువైన కాలం రాలేదు. వతామి అనే పెద్ద గొలుసు సంస్థ 2020లోనే తన ఇజాకాయల్లో చాలావాటిని మాంసం కాల్చుకు తినే భోజనశాలలుగా మార్చడం మొదలుపెట్టింది.

ఆంక్షలు ఎత్తేశాక జనం తిరిగి వచ్చారు, కానీ కంపెనీ గుంపులు మునుపటంత రాలేదు. పని తర్వాత అధికారితో తాగడం తమ కర్తవ్యమని కొత్త ఉద్యోగులు అనుకోవడం లేదు. ఆ ఖాళీలోకి ఒంటరిగా తినేవాళ్లు వస్తున్నారు. ఒక యువతి ఒక్కతే ఇజాకాయకు వెళ్లి తనకు నచ్చింది తాగి తినే ‘వకకొజకె’ అనే బొమ్మల కథ 2011లో మొదలై, 2015లో టీవీకెక్కి ఆదరణ పొందడం ఈ మార్పుకు ముందుచూపు. బల్ల మీది తెర తాకి వంటకాలు తెప్పించుకునే దుకాణాలు ఎక్కువయ్యాయి. విదేశీ యాత్రికులు ఒమోయిదె యొకొచో బెంచీలు నింపుతున్నారు. మరోవైపు టోక్యో తూర్పున తతెయిషి స్టేషన్ ఉత్తరం వైపు, యుద్ధానంతరం పుట్టిన తాగుడు సందును 2023లో ఖాళీ చేయించి ఎత్తైన భవనాలకు స్థలం సిద్ధం చేశారు. ఆ కొట్లను నడిపినవాళ్లలో కొందరు పక్క వీధుల్లో అద్దెకు చోటు చూసుకుని మళ్లీ తెరిచారు. వయసు మీరినవాళ్లు అంతటితో మానుకున్నారు.